వర్తకుని పరువు, వాహకుని బాధ్యత: సికింద్రాబాదు వ్యాజ్యము చెప్పు చరిత్ర

వర్తకమునకు ధనమెంత మూలమో నమ్మకమును అంత మూలము. తూకము సరియైనదను పేరు గల అంగడికి ఊరివారే గాక పొరుగూరివారును వత్తురు. ఆ పేరు పోయిన అంగడిలో సరుకు మంచిదైనను అమ్ముడుపోదు. కావుననే వర్తకులు తమ పేరును ఆస్తిగా భావింతురు. కొనువారికి మాత్రము ఆ పేరు వేరొక విధముగ ఉపయోగపడును. మోసపోయినవాడు నోరు విప్పి చెప్పిననే గదా తక్కినవారు మెలకువ వహించుట. ఒకరి ఆస్తిని కాపాడుటకై రెండవవారి నోరు మూయింపవచ్చునా? రెండవవారి నోటికి అడ్డు లేకుండుటకై మొదటివారి ఆస్తిని చెడిపోనీయవచ్చునా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కాని అంతర్జాలము వచ్చిన పిమ్మట ఈ తగవులో మూడవ పక్షమొకటి చేరినది. ఆ పక్షము మాట పలికినదియు కాదు, మాట పడినదియు కాదు, మాటను మోసినది.

వ్యాపార సంస్థలను విమర్శించు వెబ్‌సైటులపై నడచిన వ్యాజ్యముల చరిత్ర ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నది. సికింద్రాబాదు న్యాయస్థానమున ఆరంభమై సుప్రీంకోర్టువరకు పోయిన తెలుగునాటి వ్యాజ్యమొకటి దీనికి ప్రధానాధారము. ఈ చరిత్రనుండి ముఖ్యముగ తేలు విషయమొకటి కలదు. ఇట్టి వ్యాజ్యములలో న్యాయస్థానములు పెక్కుసారులు విచారించినది “ఆ మాట నిజమా?” యను ప్రశ్నను కాదు, “ఆ మాటకు పూచీ ఎవరిది?” యను ప్రశ్నను. మొదటి ప్రశ్న ఏండ్ల తరబడి వెనుకబడిపోవుట విమర్శకునికిని నష్టమే, వర్తకునికిని నష్టమే.

ఉమ్రికిని సికింద్రాబాదునకును గల సంబంధము

నాందేడు జిల్లాలోని ఉమ్రి, సికింద్రాబాదునుండి మన్మాడునకు పోవు రైలుమార్గముపై, ధర్మాబాదునకును ముద్‌ఖేడునకును నడుమ నున్నది. ఈ ప్రాంతమంతయు హైదరాబాదు రాజ్యములోనిది. ఇచ్చటివారు పెద్ద వ్యవహారములకు సికింద్రాబాదు దిక్కునకే రైలెక్కెడివారు. జిల్లా న్యాయస్థానపు తీర్పుపై అసమ్మతి గలవారి అప్పీళ్లు మూసీ తీరమున 1920లో ప్రారంభింపబడిన హైకోర్టు భవనమునకు చేరుచుండెను.

1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగినది. ముధోల్, భైంసా ప్రాంతములు నాందేడు జిల్లానుండి విడివడి ఆంధ్రప్రదేశ్‌లో చేరెను. ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్ తాలూకా బొంబాయి రాష్ట్రమున చేరెను. ఉమ్రి నాందేడుతోపాటు బొంబాయి హైకోర్టు పరిధిలోనికి పోయినది. 1981లో ఔరంగాబాదునందు ఆ హైకోర్టు పీఠము వెలసినది. రాష్ట్రము మారినది, న్యాయస్థానము మారినది, కాని శిక్షాస్మృతి మాత్రము ఉభయ ప్రాంతములకును ఒక్కటియే. హైదరాబాదు రాష్ట్రమునకు 1951 ఏప్రిల్ 1నుండి వర్తించిన భారత శిక్షాస్మృతియే ఇటు నాందేడులోను, అటు సికింద్రాబాదులోను నడచినది. సుప్రీంకోర్టు ప్రకటించిన ధర్మము రాజ్యాంగములోని 141వ అధికరణము ప్రకారము దేశమందలి న్యాయస్థానములన్నిటికి శిరోధార్యము. కావున సికింద్రాబాదులో పుట్టిన తగవు ఉమ్రి వర్తకునికిని, ఉమ్రి రైతునకును కూడ సంబంధించినదే.

పరువునష్టపు చట్టము

భారత శిక్షాస్మృతి 1860లో చట్టమైనది. అందలి 499వ విభాగము పరువునష్టమనగా నేమో నిర్వచించును. 500వ విభాగము శిక్షను చెప్పును. వ్యాపార సంస్థల విషయమున 499వ విభాగపు రెండవ వివరణము ముఖ్యమైనది. మనుష్యునికివలెనే కంపెనీకిని, సంఘమునకును పరువు కలదని ఆ వివరణము అంగీకరించినది. దీనివలన భారతదేశమున వ్యాపార సంస్థ పరువునష్టమునకై సివిలు దావా వేసి పరిహారము కోరవచ్చును. క్రిమినలు ఫిర్యాదు చేసి శిక్షయును కోరవచ్చును.

అయితే ఆ విభాగముననే పది మినహాయింపులు కలవు. వాటిలో మొదటిది, చెప్పిన మాట సత్యమై, దానిని ప్రకటించుట ప్రజలకు మేలుగ నుండినచో అది నేరము కాదనుట. సత్యమొక్కటియే చాలదు, ప్రజాహితమును ఉండవలెనను షరతును ఇందు గమనింపదగును. తొమ్మిదవది, తన ప్రయోజనమును గాని, ఇతరుల ప్రయోజనమును గాని, ప్రజల మేలును గాని కాపాడుటకై సద్బుద్ధితో చెప్పిన మాటకు రక్షణము. మోసపోయిన కొనుగోలుదారునకు ఈ రెండే ప్రధానమైన కవచములు. కాని కవచము ధరించుటకు ముందుగ రణరంగమునకు పోవలెను. మినహాయింపు తనకు వర్తించునని విచారణలో నిరూపింపవలసిన భారము నిందితునిదే. విచారణ నడచువరకు ఆ కవచము పెట్టెలోనే యుండును.

క్రిమినలు పరువునష్టపు విభాగములు వాక్స్వాతంత్ర్యమునకు విరుద్ధమను వాదమును సుప్రీంకోర్టు 2016 మే 13న త్రోసిపుచ్చెను. 2024 జులై 1నుండి భారత న్యాయ సంహిత అమలులోనికి రాగా, అందలి 356వ విభాగము పాత 499, 500 విభాగముల స్థానమును పొందినది. నిర్వచనము, మినహాయింపులు యథాతథముగనే నిలిచినవి. రెండేండ్లకు మించని సాధారణ కారాగారము, జరిమానా అను పాత శిక్షలకు తోడు సమాజసేవయను క్రొత్త శిక్ష చేరినది.

మాటను మోసినవాని సంగతి

పత్రికలో అచ్చయిన నిందకు వ్రాసినవానితోపాటు సంపాదకుడును, ప్రచురణకర్తయును పూచీపడుట పూర్వమునుండి ఉన్న ఆచారమే. అచ్చునకు పోవుటకుముందు సంపాదకుడు చదువును గనుక ఆ నియమము న్యాయముగనే తోచును. గోడపై ఎవడో అంటించిన కాగితమునకు ఆ గోడ యజమాని పూచీపడునా యను ప్రశ్న అంత సులభమైనది కాదు. 1937లో ఇంగ్లండునందు బర్న్ – డీన్ వ్యాజ్యమున ఈ ప్రశ్న వచ్చినది. గోల్ఫు క్లబ్బు గోడపై ఎవరో ఒక పద్యమును అంటించిరి. క్లబ్బులోని జూదపు యంత్రములనుగూర్చి పోలీసులకు తెలిపినవాడు ఒక సభ్యుడని ఆ పద్యము సూచించుచున్నదని తగవు. ఆ పద్యము నిందయే కాదని అప్పీలు న్యాయస్థానము తుదకు నిర్ణయించినది. కాని తీసివేయు అధికారము కలిగియు తీసివేయని యజమాని ఆ రాతను తానే ప్రకటించినవానితో సమానుడు కావచ్చునను సూత్రము ఆ తీర్పునుండి నిలిచినది. అంతర్జాలపు వ్యాజ్యములన్నిటికిని బీజము ఆ గోడమీది కాగితముననే కలదు.

1995లో అమెరికాలోని న్యూయార్కు న్యాయస్థానమున ఈ సూత్రమునకు విచిత్రమైన పరీక్ష కలిగినది. స్ట్రాటన్ ఓక్‌మాంట్ అను షేర్ల వ్యాపార సంస్థ మోసము చేసినదని ప్రాడిజీ అను కంప్యూటరు సేవలో ఎవరో పేరు చెప్పక వ్రాసిరి. ఆ సంస్థ ప్రాడిజీపై దావా వేసినది. ప్రాడిజీవారు తమ సేవలో అసభ్యపు రాతలను ఏరి తీసివేయుచుండిరి. ఆ కారణము చేతనే వారు సంపాదకునివంటివారని, నిందకు బాధ్యులని న్యాయమూర్తి నిర్ణయించెను. ఇంటిముందు ఊడ్చుకొనువాడు వీథిలోని చెత్తకంతకు బాధ్యుడన్నట్లయినది. ఊడ్వనివానికి బాధ్యత లేదు! ఈ విపరీతమును తొలగించుటకై 1996 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వము ఒక చట్టము చేసినది. దాని 230వ విభాగము ప్రకారము ఇతరులు వ్రాసినదానికి వెబ్‌సైటు నడుపువారు ప్రచురణకర్తలు కారు. అమెరికాలో వినియోగదారుల విమర్శలకు నెలవైన వెబ్‌సైటులు పెరుగుటకు ఈ విభాగమే పునాది.

భారతదేశమున 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఆ యేడు అక్టోబరు 17న అమలులోనికి వచ్చినది. అందలి 79వ విభాగము వాహకునికి కొంత రక్షణ నిచ్చినది. ఇతరుల సమాచారమును తనకు తెలియకయే మోసితినని గాని, తగినంత జాగ్రత్త వహించితినని గాని నిరూపించిన సేవాసంస్థ “ఈ చట్టము క్రింద” బాధ్యత వహింపనక్కరలేదని ఆ విభాగము పలికినది. ఈ చిన్న మాటలే పిమ్మట పదునొకండేండ్ల తగవునకు కీలకమైనవి.

సికింద్రాబాదు వ్యాజ్యము

విశాక ఇండస్ట్రీస్ హైదరాబాదు కేంద్రముగ ఆస్బెస్టాస్ సిమెంటు రేకులను తయారుచేసి అమ్ము సంస్థ. పెంకుటింటికి మారుగ రేకులకప్పు వేసికొన్న ప్రతి గ్రామమునకును ఈ సరుకు పరిచితమే. ఆస్బెస్టాస్ నారలోని అన్ని రకములును కాన్సరు కలిగించునవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తెల్ల ఆస్బెస్టాస్‌ను తగు జాగ్రత్తతో వాడుకొనవచ్చునని పరిశ్రమవారి వాదము. ఐరోపా సమాఖ్య 2005నాటికి దాని వాడుకను నిషేధించినది. భారతదేశమున పూర్ణనిషేధమును కోరిన ఒక ప్రజాహిత వ్యాజ్యమును సుప్రీంకోర్టు 2011 జనవరిలో త్రోసిపుచ్చెను. ఇట్లు ఇరువైపులను బలమైన పట్టుదల గల వివాదమిది.

ఆస్బెస్టాస్‌ను నిషేధింపవలెనని ప్రచారము చేయు ఒక సంస్థకు సమన్వయకర్తయైన వ్యక్తి 2008లో గూగుల్ వారి బృందచర్చా సేవయందు కొన్ని వ్యాసములు ఉంచెను. అవి తమ పరువునకు భంగకరములని విశాకవారు భావించిరి. సికింద్రాబాదులోని 11వ అదనపు చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటు న్యాయస్థానమున 2009లో క్రిమినలు ఫిర్యాదు నమోదైనది. వ్యాసకర్త మొదటి నిందితుడు. గూగుల్ ఇండియా సంస్థ రెండవ నిందితురాలు. కుట్ర, పరువునష్టము, పరువునష్టకరమని తెలిసియు అచ్చువేయుట అనునవి ఫిర్యాదులోని అభియోగములు. తొలగింపుమని తాము తెలిపినను గూగుల్ ఇండియావారు తొలగింపలేదని ఫిర్యాదిదారుల ఆరోపణ.

గూగుల్ ఇండియావారు ఫిర్యాదును కొట్టివేయుమని హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించిరి. వారి వాదములు రెండు. ఆ సేవను నడుపునది అమెరికాలోని మాతృసంస్థయే గాని తాము కాదనుట మొదటిది. మాటను మోసినవారికి 79వ విభాగపు రక్షణ కలదనుట రెండవది. 2011 ఏప్రిల్ 19న హైకోర్టు వారి ప్రార్థనను త్రోసిపుచ్చెను. అంతట వారు సుప్రీంకోర్టునకు పోయిరి.

తీర్పు 2019 డిసెంబరు 10న వెలువడినది. న్యాయమూర్తులు అశోక్ భూషణ్, కె. ఎం. జోసెఫ్ గార్ల ధర్మాసనము అప్పీలును నిరాకరించినది. కారణము మిక్కిలి గమనింపదగినది. 2000 నాటి 79వ విభాగము “ఈ చట్టము క్రింద” అనియే పలికినది గనుక, ఆ రక్షణ సమాచార సాంకేతిక చట్టపు నేరములకే పరిమితము. శిక్షాస్మృతిలోని పరువునష్టమునకు అది వర్తింపదు. 2008లో పార్లమెంటు ఆ విభాగమును మార్చి, “అమలులోనున్న ఏ చట్టమునందు ఏమి యున్నను” వాహకునికి రక్షణ కలదని విస్తరించిన మాట నిజమే. కాని ఆ సవరణ అమలులోనికి వచ్చినది 2009 అక్టోబరు 27న. వ్యాసములు అంతకు పూర్వపువి. కావున పాత నియమమే వర్తించును. ఇక ఆ సేవను నడుపునది ఎవరను ప్రశ్న సాక్ష్యమువలన తేలవలసినది గనుక దానిని విచారణ న్యాయస్థానమునకే విడిచిరి.

ఈ వ్యాజ్యము నడచుచుండగనే రాష్ట్రము రెండైనది. ఉమ్మడి హైకోర్టు 2019 జనవరి 1న విభజింపబడి, హైదరాబాదులో తెలంగాణ హైకోర్టు వేరుగ ఏర్పడెను. వ్యాసములు ప్రకటితమై 11 ఏండ్లు గడచిన పిమ్మట ఆ తీర్పుతో వ్యాజ్యము తిరిగి సికింద్రాబాదు విచారణ న్యాయస్థానమునకు మరలెను. ఆ వ్యాసములలోని మాటలు సత్యములా, అసత్యములా అను ప్రశ్న అంతవరకు ఏ న్యాయస్థానపు బల్లపైకిని రాలేదు. విశాకవారు కోరినది తమ పేరునకు శుద్ధి. అది వారికి లభింపలేదు. వ్యాసకర్తకు తన మాట సత్యమని నిరూపించు అవకాశమును అంతవరకు లభింపలేదు. ఇరువురి తగవునకు నడుమ వాహకుని తగవు నిలిచి, దారినంతను ఆక్రమించినది.

నియమము మారిన విధము

2009 సవరణ పిమ్మటను చిక్కు తీరలేదు. నింద యున్నదని “వాస్తవముగ తెలిసిన” వెంటనే వాహకుడు దానిని తొలగింపవలెనని క్రొత్త 79వ విభాగము విధించినది. తెలియుటయన నేమి? నష్టపోయితినను వాని ఉత్తరము చాలునా? 2011 నాటి నియమములు చాలునను అర్థమునకు తావిచ్చినవి. దీనివలన వ్యాపార సంస్థ నోటీసు పంపినంతనే వెబ్‌సైటులు విమర్శను తొలగించుటకు దారి యేర్పడినది. మాటను మోయువానికి ఆ మాటపై మమకారమేమి? తొలగించిన ఖర్చు లేదు. ఉంచిన ప్రమాదము కలదు.

వినియోగదారుల అభిప్రాయములను ప్రకటించు మౌత్‌షట్ అను ముంబయి వెబ్‌సైటువారు ఈ నియమములను సుప్రీంకోర్టులో సవాలు చేసిరి. ఆ అర్జీ శ్రేయా సింఘాల్ వ్యాజ్యముతో కలిపి విచారింపబడినది. 2015 మార్చి 24న తీర్పు వచ్చినది. ఆ తీర్పు 66ఎ విభాగమును కొట్టివేసినదిగ లోకమునకు తెలిసినదే. వర్తక విమర్శల విషయమున అంతకంటె ముఖ్యమైన భాగము వేరొకటి. న్యాయస్థానపు ఉత్తర్వు గాని, ప్రభుత్వపు ప్రకటన గాని అందినప్పుడే వాహకునికి “తెలిసినట్లు” భావింపవలెనని ధర్మాసనము నిర్ణయించినది. నింద ఏది, న్యాయమైన విమర్శ ఏది యని తేల్చు భారము ఉత్తరము అందుకొన్న గుమాస్తానుండి న్యాయమూర్తికి మారినది. ఈ మార్పే ఈ చరిత్రలో విమర్శకునకు లభించిన పెద్ద మేలు.

పేరుపై తగవు

పరువునష్టపు మార్గము దీర్ఘమైనదని తోచిన సంస్థలు వేరొక మార్గమును వెదకెను. అది వ్యాపారచిహ్నపు చట్టము. విమర్శకుడు సంస్థ పేరును, గుర్తును వాడక విమర్శింపలేడు. ఆ వాడుకయే నేరమని వాదించినచో సత్యాసత్యముల చర్చయే అక్కరలేదు. 1998లో కాలిఫోర్నియాయందు బాలీ అను వ్యాయామశాలల సంస్థ తన గుర్తుపై తిట్టుమాట వ్రాసిన వెబ్‌సైటుకర్తపై ఈ దావాయే వేసినది. ఆ పుటను చూచినవాడెవడును దానిని వ్యాయామశాలవారి పుటగ భ్రమపడడని న్యాయస్థానము త్రోసిపుచ్చినది. 2003లో టెక్సస్‌లోని ఒక అంగళ్ల సముదాయపు యజమానులైన టాబ్‌మన్ కంపెనీవారికిని అమెరికా ఆరవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానమున పరాజయము కలిగినది. వర్తకుని సరుకుగ చూపి అమ్ముట వేరు, వర్తకుని పేరు చెప్పి మాటలాడుట వేరు అను భేదము ఈ తీర్పులవలన స్థిరపడినది.

భారతదేశమున ఈ త్రోవలో ముఖ్యమైనది టాటా సంస్థ – గ్రీన్‌పీస్ వ్యాజ్యము. ఒడిశాలోని ధామ్రా రేవువలన తాబేళ్లకు ముప్పు కలుగునని విమర్శించుచు గ్రీన్‌పీస్‌వారు అంతర్జాలమున ఒక ఆటను ఉంచిరి. అందు టాటావారి పేరు, గుర్తు వాడబడినవి. టాటావారు 10 కోట్ల రూపాయల పరిహారమును, ఆటపై తాత్కాలిక నిషేధమును కోరిరి. 2011 జనవరి 28న ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి ఎస్. రవీంద్ర భట్ గారు నిషేధమును నిరాకరించిరి. తన మాటను సమర్థించుకొందునని ప్రతివాది నిలబడినప్పుడు విచారణకుముందే నోరు మూయింపరాదను 1891 నాటి ఆంగ్ల సూత్రమునే వారు అనుసరించిరి. అంతర్జాలమున మాట విస్తారముగ వ్యాపించునను ఒక్క కారణముచే ఆ సూత్రము మారదని తీర్పు సారాంశము.

ఉమ్రికి సంబంధించిన బొంబాయి హైకోర్టు మాత్రము 2020 జనవరిలో ఇంకొక దృష్టిని చూపినది. పారాషూట్ కొబ్బరినూనెపై విమర్శతో ఒకరు వీడియో ప్రకటింపగా, దాని తయారీదారులైన మారికో సంస్థ దావా వేసినది. వేలమంది అనుసరించు వీడియోకర్తకు సామాన్య పౌరునికంటె అధికమైన బాధ్యత కలదని ఏకసభ్య న్యాయస్థానము పలికి, ఆ వీడియోకు విరుద్ధముగ తాత్కాలికపు ఉత్తర్వు నిచ్చినది. ఆ ఉత్తర్వు పిమ్మట అప్పీలునకు పోయినది. అయినను ఆ మాటలో ఆలోచింపదగిన అంశము లేకపోలేదు. అంగడి వాకిట నిలిచి గొణుగుకొన్నవాడును, ఊరంతటికి దండోరా వేయించినవాడును ఒక్కటి కారు. దండోరా వేయించువాడు ముందుగ విచారించుకొనవలెను.

ఆలస్యమను శిక్ష

ఇట్టి వ్యాజ్యములలో కాలము, ఖర్చు అనునవి తీర్పుకంటె ముందే శిక్ష విధించును. ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము ఇంగ్లండులోని మెక్‌డొనాల్డ్స్ వ్యాజ్యము. 1986లో కొందరు ఆ భోజనశాలల సంస్థను విమర్శించుచు కరపత్రములు పంచిరి. 1990లో సంస్థ దావా వేసినది. క్షమాపణ చెప్పక నిలిచినవారు ఇరువురే. పరువునష్టపు వ్యాజ్యములకు ప్రభుత్వపు న్యాయసహాయము లేనందున వారు తమ వాదమును తామే చెప్పుకొనిరి. విచారణ 313 దినములు సాగినది. 1996లో వారి పక్షమువారు ఆ విమర్శలను, వ్యాజ్యపు పత్రములను వెబ్‌సైటులో ఉంచగా ఆపదలచిన మాట ప్రపంచమంతయు వ్యాపించినది. 1997 జూన్ 19న కొన్ని విమర్శలు సత్యములనియు, కొన్ని అసత్యములనియు తీర్పు వచ్చినది. 60,000 పౌన్ల పరిహారము అప్పీలులో 40,000 అయినది. 2005 ఫిబ్రవరి 15న ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము ఆ ఇరువురకును న్యాయమైన విచారణ లభింపలేదని, వారి వాక్స్వాతంత్ర్యమునకు భంగము కలిగినదని నిర్ణయించినది. కరపత్రము పంచిన 19 ఏండ్లకు ఆ కథ ముగిసినది.

ఈ అనుభవములనుండి కొన్ని దేశములు పాఠము నేర్చినవి. ఇంగ్లండులో 2014 జనవరి 1నుండి అమలైన చట్టము ప్రకారము లాభార్జన సంస్థ తనకు తీవ్రమైన ధననష్టము కలిగినట్లు, లేక కలుగనున్నట్లు చూపనిదే పరువునష్టపు దావా నిలువదు. ఆస్ట్రేలియాలో 2006నుండి పదిమంది, అంతకు మించిన ఉద్యోగులు గల వ్యాపార సంస్థలకు సాధారణముగ ఆ దావా హక్కే లేదు. 2016లో అమెరికా చేసిన చట్టము, విమర్శ వ్రాయరాదని కొనుగోలుదారునిచే ముందుగ ఒప్పందము వ్రాయించుకొనుటను చెల్లనిదిగ చేసినది. భారతదేశమున ఇట్టి చట్టము చేయబడలేదు. కాని 2024 మార్చి 22న బ్లూంబర్గ్ – జీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, విచారణకుముందే వ్యాసమును తొలగింపుమనుట తగదని చెప్పినది. ధనబలము గలవారు దీర్ఘవ్యాజ్యములతో ప్రజాప్రయోజనపు మాటలను అణచివేయు ప్రమాదమును ఆ తీర్పు పేర్కొన్నది.

ఫలితార్థము

విమర్శకుని పక్షమే ధర్మపక్షమని ఈ చరిత్రనుబట్టి చెప్పరాదు. పెద్ద సంస్థకు ఒక విమర్శ గోరంత గాయము కావచ్చును. ఉమ్రివంటి ఊరిలో కుటుంబము నడుపుకొను చిన్న అంగడికి ఒక అబద్ధపు విమర్శ గొడ్డలిపెట్టగును. పోటీదారుడు మారుపేరుతో నింద వ్రాయుటయు, డబ్బు తీసికొని పొగడ్త వ్రాయుటయు నేడు వింతలు కావు. ఈ కారణముచే భారత ప్రమాణముల సంస్థ 2022 నవంబరులో అంతర్జాలపు వినియోగదారుల అభిప్రాయములకై ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును ప్రకటించినది. వ్రాసినవాడు నిజమైన కొనుగోలుదారుడేనా యని సరిచూచుకొనుట అందలి ముఖ్యాంశములలో ఒకటి.

కొనువారికి న్యాయస్థానపు భయము లేని త్రోవయును కలదు. 2020 జులై 20నుండి అమలులోనికి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మొలకెత్తని విత్తనమునకును, పనిచేయని యంత్రమునకును జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. అచ్చట ప్రశ్న ఒక్కటే: సరుకు మంచిదా, కాదా? పరువునష్టపు వ్యాజ్యమున ఏండ్ల తరబడి వెనుకనుండు ప్రశ్న అచ్చట మొదటనే ముందునకు వచ్చును. రసీదు, సంచి, ముద్రవేసిన చీటి దాచుకొన్న రైతు అచ్చట బలవంతుడు. వాటినే దాచుకొని, చూచినది చూచినట్లు వ్రాసి, అనుమానమును అనుమానముగ మాత్రమే చెప్పినవాడు పరువునష్టపు న్యాయస్థానమునను నిలువగలడు. మొదటి, తొమ్మిదవ మినహాయింపులు కోరునది సత్యమును, సద్బుద్ధినే గదా.

సికింద్రాబాదు వ్యాజ్యము చెప్పు పాఠము ఇదియే. సంతలో నిలిచి తూకము తప్పినదని అరచినప్పుడు పదిమంది యెదుటనే తక్కెడను మరల తూచి నిజము తేల్చెడి పద్ధతి యుండెను. వర్తకుడు నిర్దోషియైనచో అప్పుడే అతని పేరు నిలిచెడిది. దోషియైనచో అప్పుడే పోయెడిది. అంతర్జాలము అరపును దేశదేశములకు వినిపించినది, కాని తక్కెడను మరల తూచు వేళను పదునొకండేండ్లకు మించి దూరము చేసినది. మాటను మోసినవాని పూచీని 2015 నాటి తీర్పు చాలవరకు తేల్చినది. ఇక త్వరగ తేలవలసినది మాటలోని నిజము. అది తేలనంతకాలము నిజము చెప్పినవానికి ధైర్యము చాలదు, నిజముగ వర్తించు వర్తకునకు పేరు మిగులదు.